పాత మరపడవ కొనేముందు

పిల్లలూ! మీ ఇంట్లో ఎప్పుడైనా పాత సైకిలు కొన్నారా? కొనేముందు మీ నాన్నగారు ఏమేం చేస్తారో గమనించే ఉంటారు. చక్రం ఎత్తి గిరగిరా తిప్పుతారు. బ్రేకు నొక్కుతారు. గొలుసు లాగి చూస్తారు. ఒక చుట్టు తొక్కి వస్తారు. ఆ తరువాతగాని బేరం మొదలుపెట్టరు. అంతా చేసి కొన్న సైకిలు దారిలో చెడిపోయినా ఫరవాలేదు, నడిపించుకుంటూ ఇంటికి రావచ్చు. మరి నది నడుమ పడవ చెడిపోతే?

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు మెట్ట ప్రాంతాలు. ఇక్కడ పడవల గొడవ ఏమిటని మీరు అడగవచ్చు. మనకు దక్షిణపు సరిహద్దు కృష్ణానది. దానిమీద నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. తరువాత ఎగువన శ్రీశైలం జలాశయం వచ్చింది. దాని నీరు కొల్లాపురం దగ్గరి సోమశిల దాటి వెనక్కి పరచుకుంది. (2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.) ఈ రెండు జలాశయాల ఒడ్డున చేపలు పట్టి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నీటి నడుమ దీవిగా మిగిలిన నాగార్జునకొండకు యాత్రికులు లాంచీల మీదనే వెళ్ళాలి. కనుక పడవ మనకు పరాయి వస్తువు కాదు.

ధనవంతులు సముద్రం మీద షికారుకు వాడే పెద్ద మరపడవను 'మోటారు యాట్' అంటారు. 'వేట' అనే అర్థమున్న డచ్చి మాటనుంచి ఆ పేరు వచ్చింది. యాట్ అయినా, సోమశిల రేవులోని మరబోటు అయినా నీటి ధర్మాలు ఒక్కటే. పాతది కొనేటప్పుడు చూడవలసిన విషయాలూ ఒక్కటే.

రంగు వెనుక ఏముంది?

నా పాత విద్యార్థి ఒకడు జలాశయం ఒడ్డున ఉంటాడు. చేపలు పట్టే కుటుంబం. ఒకనాడు నా దగ్గరకు వచ్చి, "సార్, పడవ ఒకటి బేరానికొచ్చింది. అమ్మ గొలుసు కుదువబెడుతున్నం. మీరొక్కసారి వచ్చి చూడుండ్రి" అన్నాడు. నేను సైన్సు పంతులును, సరంగును కాను. ఆ మాటే చెప్పాను. "మీరే కద సార్ ఆర్కిమెడిస్ పాఠం చెప్పింది" అన్నాడు. ఇక వెళ్ళక తప్పలేదు.

పడవ నిగనిగలాడుతున్నది. నీలం రంగు ఇంకా వాసన వస్తున్నది. అమ్మే ఆయన, "ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటది సార్" అన్నాడు. నేను స్టార్టు చేయనివ్వకుండా మొదట ఇంజను మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది! మేము రావడానికి ముందే ఆయన దానిని నడిపి వేడెక్కించాడన్నమాట. ఎందుకు?

దీనికి జవాబు డీజిల్ ఇంజను పనిచేసే తీరులో ఉంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపించిన ఈ ఇంజనులో పెట్రోలు ఇంజనులో మాదిరిగా నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని పదిహేను నుంచి ఇరవై రెండో వంతు వరకు చిన్నదిగా నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు. అదే విధంగా ఇక్కడ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే మండుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. బోరు అరిగిపోయి, పిస్టన్ రింగులు వదులైతే నొక్కిన గాలి సందులనుంచి జారిపోతుంది. గాలి తగినంత వేడెక్కదు. చల్లగా ఉన్న ఇంజను ఎంత తిప్పినా అందుకోదు. అదే ముందుగా వేడెక్కించి ఉంచితే సులువుగా అందుకుంటుంది. కాబట్టి పాత ఇంజనును చూసేవారు తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే వెళ్ళాలి. మొదటి పరీక్ష ఇదే.

పొగ చెప్పే కబుర్లు

ఇంజను స్టార్టయిన తరువాత పొగ రంగు చూడండి. ఆర్.టి.సి. బస్సుల వెనుకా, ట్రాక్టర్ల మీదా మీరు ఈ మూడు రంగులూ చూసే ఉంటారు.

నల్లపొగ వస్తే డీజిల్ పూర్తిగా మండడం లేదని అర్థం. గాలి చాలకపోవడమో, నాజిల్ చెడడమో, ఇంజను మీద మోయలేని బరువు పడడమో కారణం. నీలంపొగ వస్తే డీజిల్‌తో పాటు ఇంజను ఆయిలు కూడా కాలుతున్నదని అర్థం. రింగులు అరిగితే ఇలా జరుగుతుంది. తెల్లపొగ చలి ఉదయాన మొదటి కొద్ది నిమిషాలు రావడం సహజమే. ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే మండని డీజిల్ అయినా అయి ఉండాలి, లేదా సిలిండరులోకి నీరు చేరి ఆవిరై వస్తూ అయినా ఉండాలి.

నీరు చేరిందో లేదో తెలుసుకోవడానికి మరొక సులభమైన మార్గం ఉంది. ఆయిలు కొలిచే పుల్లను బయటికి తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే భయపడకండి. పనిచేసే డీజిల్ ఇంజనులో అది నల్లగానే ఉంటుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటేనే భయపడాలి. ఆయిలూ నీరూ కలిసి చిలికితే ఆ రంగు వస్తుంది. కొందరు అమ్మేముందు ఆయిలు మార్చేస్తారు. తేనెరంగులో మెరిసే కొత్త ఆయిలును చూసి సంతోషించవద్దు; పాత ఆయిలు ఎందుకు తీశారని అడగండి.

ఇంజను వయస్సును ఏళ్ళతో కాక నడిచిన గంటలతో లెక్కించాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. బస్సు ఎత్తు ఎక్కుతుంది, పల్లంలో దిగుతుంది. దిగేటప్పుడు ఇంజనుకు విశ్రాంతి దొరుకుతుంది. పడవకు పల్లం లేదు. నీరు ఎప్పుడూ ఎదురు తోస్తూనే ఉంటుంది. పడవ ఇంజను జీవితమంతా ఘాటురోడ్డు ఎక్కుతున్న బస్సు వంటిది. కనుక రోడ్డుమీది ఇంజనులాగా దానిని అంచనా వేయకూడదు.

ఇంజనును చల్లబరచడానికి చాలా పడవల్లో జలాశయపు నీటినే పంపు లాగి, వేడిని తీసుకున్నాక బయటికి వదులుతుంది. ఆ నీటిధార ఆగకుండా సమంగా పడాలి. సన్నబడితే గొట్టంలో నాచో, పంపులో అరిగిన రబ్బరు రెక్కలో కారణం.

చివరగా డీజిల్ ట్యాంకు. నీరు డీజిల్ కంటె బరువైనది కనుక ట్యాంకు అడుగుకు చేరుతుంది. తుప్పు, మురికి కూడా అక్కడికే చేరుతాయి. రేవులో పడవ కదలనంతసేపు అవి అడుగునే ఉంటాయి. నది నడుమ అలలకు ట్యాంకు ఊగగానే పైకి లేచి ఫిల్టరుకు అడ్డుపడతాయి. రేవులో చక్కగా నడిచిన ఇంజను గాలివానలోనే ఆగిపోవడానికి ఇదొక కారణం. ఒక సీసాలోకి ట్యాంకు అడుగునుంచి కాస్త డీజిల్ పట్టి పది నిమిషాలు నిలబెట్టండి. రెండు పొరలుగా విడిపోతే సంగతి తెలిసిపోతుంది.

సుత్తి దెబ్బ

మా నీలం పడవకు తిరిగి వద్దాం. అది ఇనుప పడవ. చిన్న సుత్తి తీసుకుని నీటి అంచు వెంట రేకు మీద తట్టుకుంటూ పోయాను. కొన్నిచోట్ల 'ఠంగ్' మన్నది. వెనుక భాగంలో 'డబ్' మన్నది. బజారులో కుండను తట్టి కొనే అమ్మమ్మ చేసే పనే ఇది. గట్టి రేకు చాలాసేపు కంపిస్తుంది. తుప్పు పొరలున్న రేకు కంపనాన్ని మింగేస్తుంది.

5 మిల్లీమీటర్ల రేకు తుప్పుపట్టి 3 మిల్లీమీటర్లయితే బలం కొద్దిగానే తగ్గుతుందని మీరనుకోవచ్చు. కాని రేకు వంగకుండా నిలబడే గుణం మందపు ఘనాన్ని బట్టి ఉంటుంది. 3 ఘనం 27, 5 ఘనం 125. అంటే ఆ గుణం సుమారు అయిదో వంతుకు పడిపోతుంది! జలాశయంలో నీరు తగ్గినప్పుడు మునిగిన చెట్ల మోళ్ళు, పాత ఊళ్ళ గోడలు పైకి వస్తాయి. సోమశిలకు ఆవలి ఒడ్డున సంగమేశ్వరాలయం ఏడాదిలో చాలా నెలలు నీటిలోనే ఉండి వేసవిలో బయటపడడం మీకు తెలిసే ఉంటుంది. అలాంటిచోట పలుచని రేకును నమ్ముకోగలమా?

వెనుక భాగంలోనే తుప్పు ఎందుకు ఎక్కువ? అక్కడ కంచు ప్రొపెల్లరు ఉంది. రెండు వేరువేరు లోహాలు నీటిలో ఉండి ఒకదానికొకటి తగిలితే అది ఒక విద్యుత్ ఘటం. ఇనుము క్షీణిస్తుంది, కంచు క్షేమంగా ఉంటుంది. దీనిని ఆపడానికి పడవ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఇనుముకు బదులుగా జింకు కరిగిపోతుంది. మంచినీటిలో మెగ్నీషియం దిమ్మలు ఇంకా బాగా పనిచేస్తాయి. నీలం పడవకు దిమ్మలు బిగించిన గుర్తులున్నాయిగాని దిమ్మలు లేవు. ఆ పడవను వద్దనుకున్నాం.

బ్రేకు లేని బండి

రెండో పడవ నెలరోజుల తరువాత దొరికింది. రంగు పెచ్చులు లేచి చూడడానికి అసహ్యంగా ఉంది. సుత్తి దెబ్బకు మాత్రం అంతటా ఠంగుమన్నది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే అందుకున్నది. దానిని నడిపి చూడడానికి నీటి నడుమకు వెళ్ళాం.

పడవ నడక రోడ్డుమీది బండి నడకలాంటిది కాదు. కారు ముందు చక్రాలు తిరిగితే వెనుక చక్రాలు వాటిని అనుసరిస్తాయి. పడవకు చుక్కాని వెనుక ఉంటుంది. ఎడమకు తిరగాలంటే వెనుక భాగం కుడికి ఈడ్చుకుపోతుంది. రేవుగట్టు పక్కనుంచి బయలుదేరేటప్పుడు ఈ సంగతి మరచినవారు వెనుక భాగాన్ని గట్టుకు కొడతారు.

చుక్కాని దానంతటది పడవను తిప్పలేదు. దాని పక్కనుంచి పారే నీరు తిప్పుతుంది. ఇంజను ఆగితే కొద్దిసేపట్లోనే చుక్కాని వట్టి పలక అయిపోతుంది. బ్రేకు అసలే లేదు. ఆపాలంటే ప్రొపెల్లరును వెనక్కు తిప్పాలి. అప్పుడు కూడా జడత్వం వల్ల పడవ కొంతదూరం ముందుకే పోతుంది. మేము వేగంగా వెళుతూ ఒక్కసారిగా రివర్సు గేరు వేసి, ఎన్ని పడవ పొడవుల దూరంలో ఆగుతుందో లెక్కపెట్టాం. ఎడమకొకసారి, కుడికొకసారి పూర్తి చుట్టు తిప్పాం. ఒకే ప్రొపెల్లరున్న పడవ రెండువైపులా ఒకే తీరుగా తిరగదు. ప్రొపెల్లరు తిరిగే దిశను బట్టి వెనుక భాగం ఒక పక్కకు లాగుతుంది. రివర్సులో ఇది బాగా తెలుస్తుంది. ఇది లోపం కాదు, స్వభావం. సరంగు దానిని తెలుసుకుని ఉండాలి.

ఇక వేగం. నీలం పడవ ఆయన, "పెద్ద ఇంజను బిగించిన, గంటకు ఇరవై కిలోమీటర్లు కొడతది" అన్నాడు. నిజమేనా? నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తనవెంట ఒక అలను పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుకు సమానమయ్యాక ఇంకా వేగం పెంచబోతే పడవ తాను పుట్టించిన అలనే గుట్టలాగా ఎక్కవలసి వస్తుంది. ఆ హద్దు గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలియాలంటే, నీటిలో ఉన్న పొడవు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.5 చేత గుణించాలి. ఆ పడవ పొడవు కూడా 9 మీటర్లే. వర్గమూలం 3. హద్దు 13.5 కిలోమీటర్లు. బరువైన పడవకు ఎంత పెద్ద ఇంజను పెట్టినా ఆ పైన డీజిల్ కాలుతుంది తప్ప వేగం పెద్దగా పెరగదు. తేలికగా, అడుగు చదునుగా ఉండే స్పీడుబోట్లు మాత్రమే అల మీదికెక్కి జారుతూ పోగలవు.

అసలు ప్రశ్న

రెండో పడవ అన్నివిధాలా బాగుంది. ఒక్కటే చిక్కు. పాత యజమాని దానిమీద ఇనుప కప్పు వేసి, కప్పుపైన బల్లలు బిగించాడు. మావాడికి అదే నచ్చింది. "కింద ముప్పై మంది, మీద ముప్పై మంది. అప్పు ఏడాదిలో తీరుతది సార్" అన్నాడు.

లెక్క వేద్దాం అన్నాను. పడవ పొడవు 9 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు. ముందు కొన సన్నం కనుక నీటి అంచు దగ్గర వైశాల్యం సుమారు 18 చదరపు మీటర్లు. పడవ 1 సెంటీమీటరు దిగితే 0.18 ఘనపు మీటర్ల నీరు తొలగుతుంది. దాని బరువు 180 కిలోలు. అంటే 60 కిలోల మనుషులు ముగ్గురు ఎక్కితే ఒక సెంటీమీటరు దిగుతుంది. ముప్పై మందికి 10 సెంటీమీటర్లు, అరవై మందికి 20 సెంటీమీటర్లు. ఖాళీ పడవ అంచు నీటికి 60 సెంటీమీటర్ల పైన ఉంది. అరవై మంది ఎక్కినా ఇంకా 40 సెంటీమీటర్లు మిగులుతుంది!

"చూసిండ్రా సార్!" అన్నాడు. ఆర్కిమెడిస్ అతని పక్షానే ఉన్నాడు మరి.

కాని పడవలు ఎప్పుడూ నిలువుగా దిగి మునగవు. ఒరిగి కూడా మునుగుతాయి. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం నీటిలోకి దిగుతుంది. నీరు పైకి తోసే ఉత్ప్లవన బలం ఆ పక్కకు జరిగి పడవను తిరిగి నిలబెడుతుంది. అయితే బరువంతా కేంద్రీకరించినట్లుండే గరిమనాభి కిందికి ఉన్నప్పుడే ఇది బాగా జరుగుతుంది. గరిమనాభి పైకి పోయినకొద్దీ నిలబెట్టే శక్తి తగ్గుతుంది. ఒక హద్దు దాటితే బరువే పడవను బోర్లా తోస్తుంది. పడవ సగం వెడల్పు 125 సెంటీమీటర్లు, మిగిలిన అంచు 40 సెంటీమీటర్లు. 40ని 125 చేత భాగిస్తే 0.32. పదో తరగతివారు టాంజెంటు పట్టిక చూడండి: సుమారు 18 డిగ్రీలు. అంత ఒరిగితే చాలు, నీరు లోపలికి వస్తుంది. కప్పుమీది వారు ఏ కొంగల గుంపునో చూడడానికి ఒక్కసారిగా ఒక పక్కకు జరిగితే ఆ 18 డిగ్రీలకు ఎంతసేపు? పైగా లోపలికి వచ్చిన నీరు ఊరుకోదు. పళ్ళెంలో నీళ్ళు మోసుకుపోయేటప్పుడు చూడండి, ఏ పక్క వంగితే ఆ పక్కకే పరుగెత్తుతుంది.

మాటలతో మావాడు ఒప్పుకోలేదు. సరే, ప్రయోగం చేద్దామన్నాను. రేవులో నిశ్చలమైన నీటిలో పడవను అంచుపట్టి నొక్కి వదిలి, పది ఊపులకు పట్టిన కాలం చూశాం. 28 సెకన్లు. తరువాత కప్పుమీదికి ఆరు ఇసుక బస్తాలు ఎక్కించి మళ్ళీ చూశాం. 39 సెకన్లు. పడవ నిమ్మళంగా, ఊయలలాగా ఊగింది. "మంచిగనే ఊగుతుంది కద సార్?" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడే పొరబడతారు. బిగువైన స్ప్రింగు గబగబా కంపిస్తుంది, వదులైన స్ప్రింగు నెమ్మదిగా కంపిస్తుంది. పడవను నిలబెట్టే శక్తి కూడా స్ప్రింగు వంటిదే. ఊపు నెమ్మదించిందంటే ఆ శక్తి సన్నగిల్లిందని అర్థం. ఆరు బస్తాలకే ఇంత తేడా వస్తే ముప్పై మందికి ఎంత వస్తుంది? అతడు చాలాసేపు నీటివంక చూస్తూ నిలబడ్డాడు. 2007 జనవరిలో సోమశిల ప్రాంతంలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయిన సంగతి ఆ ఒడ్డున ఎవరికీ ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. 2017 నవంబరు 12న విజయవాడకు ఎగువన పవిత్ర సంగమం దగ్గర ఇదే కృష్ణలో మరొక పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

పడవ కొన్నాడు. కొన్న వారంలోనే కప్పుమీది బల్లలను గ్యాసు కటింగుతో తీయించాడు. ఆ ఇనుము అమ్మగా వచ్చిన డబ్బుతో లైఫ్ జాకెట్లు కొన్నాడు. అప్పు తీరడానికి ఏడాది కాదు, మూడేళ్ళు పట్టింది.

మనుషులను ఎక్కించే ముందు మరొక పని కూడా చేయాలి. మరపడవలను నమోదు చేయించి, అధికారులచేత తనిఖీ చేయించి, సర్టిఫికెట్టు తీసుకోవాలని 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చెబుతున్నది. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. పాత పడవ కొనేవారు ఆ కాగితాలు కూడా అడిగి చూడాలి. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఎన్నో ఏళ్ళు పోరాడిన తరువాత 1876లో ఓడల పక్కన బరువు గీత గీయాలన్న చట్టం వచ్చింది. ఆ గీత నీటిలో మునిగిందంటే బరువు ఎక్కువైనట్లే. దానిని చదవడానికి ఇంజనీరు కానక్కరలేదు. మావాడు తన పడవకు తెల్లరంగుతో ఆ గీత స్వయంగా గీశాడు.

మీరే చేసి చూడండి

మూతలేని వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, బకెట్టు లేక తొట్టి, కొన్ని రూపాయి బిళ్ళలు, ఒక గడియారం తీసుకోండి. డబ్బాను నీటిలో తేలనిచ్చి, బిళ్ళలన్నీ అడుగున అతికించి, ఒక అంచు నొక్కి వదలండి. పది ఊపుల కాలం రాసుకోండి. తరువాత డబ్బా నడుమ ఒక పుల్ల నిలబెట్టి అవే బిళ్ళలను కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ప్రతిసారీ కాలం చూడండి. బరువు మారలేదు, డబ్బా దిగిన లోతూ మారలేదు. కాలం ఎలా మారుతున్నది? ఏ ఎత్తు దగ్గర డబ్బా బోర్లాపడింది? బోర్లాపడడానికి ముందు ఊపు ఎలా ఉంది?

ఈసారి మీ ఇంటివాళ్ళతో సాగర్‌కో సోమశిలకో వెళ్ళినప్పుడు, లాంచీ ఎక్కేముందు పక్కన గీత కోసం వెతకండి. అది నీటికి పైన ఉందా, కింద ఉందా చూడండి. కింద ఉంటే మీ నాన్నగారి చెయ్యి పట్టుకుని వెనక్కు లాగండి. తరువాతి పడవ వచ్చేదాకా ఒడ్డున కూర్చుని పల్లీలు తినవచ్చు.